రాక్షసుడి కరిజ్మా ఆటలో పలికేదెలా? డీఎంల కోసం సమగ్ర మార్గదర్శి

బెజవాడలోనైనా గుంటూరులోనైనా డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే కథల ఆటలో కొత్తగా డీఎం (డంజన్ మాస్టర్, కథ నడిపి రాక్షసుల్ని ఆడించేవాడు) కుర్చీలో కూర్చున్నవాళ్ళు రాక్షసుణ్ణి దించేముందు దాని అంకెల పట్టీ అయిన స్టాట్ బ్లాక్‌లో ఏం చూస్తారు? ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలకుండా కాచే అంకె) ఎంత, హిట్ పాయింట్లు (ప్రాణం లెక్క) ఎన్ని, ఏ దెబ్బకి ఎన్ని డైస్. బలం, తెలివి లాంటి ఆరు ఎబిలిటీల వరుసలో చిట్టచివర కూర్చున్న కరిజ్మా జోలికి ఎవరూ పోరు. కొట్టుకునేవాడికి కరిజ్మా దేనికని వాళ్ళ లెక్క. అందుకే చాలా టేబుళ్ళ మీద వాంపైర్, ఓగ్రె, డ్రాగన్ అన్నీ ఒకే గొంతుతో గర్జిస్తాయి, ఆఖరి హిట్ పాయింట్ దాకా నిలబడి కొట్టుకుని ఒకేలా చస్తాయి.

నా లెక్కలో ఆ చివరి అంకె చెప్పేది ఇదీ: ఈ ప్రాణి తన ఇష్టాన్ని ఎదుటివాడి మీద ఎంత గట్టిగా రుద్దగలదు, ఎదుటివాడు రుద్దబోతే ఎంతసేపు తట్టుకోగలదు. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే రాక్షసుడి గొంతు, నడక, బేరం, పారిపోయే తీరు అన్నీ దాని వెంటే వస్తాయి.

ఇక్కడి లెక్కలన్నీ డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌వి, 2014 నాటి స్టాట్ బ్లాకుల ప్రకారం. 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద వదిలిన ఎస్ఆర్‌డీ 5.1 (ఆట మూల నియమాల పత్రం) ఉచితంగా దొరుకుతుంది. నేను చెప్పబోయే రాక్షసులు అందులో ఉన్నారు కాబట్టి పుస్తకాలకి డబ్బు పెట్టకుండానే మొదలెట్టొచ్చు.

1. ముందు అందాన్ని పక్కన పెట్టండి

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన మొదటి ఆటలోనే కరిజ్మా ఉంది. అప్పట్లో దాని ప్రధానమైన పని కూలికి తెచ్చుకున్న అనుచరులు ఎంతమంది మీ వెంట ఉంటారు, ఎంత నమ్మకంగా ఉంటారు అన్నది తేల్చడం. దాంతోపాటు ఓ చిత్రమైన ఉపయోగం కూడా రాశారు: మంత్రగత్తె చేతికి చిక్కిన కారెక్టర్‌ని ఆమె పందిగా మారుస్తుందా, మాయలో ఉంచి ప్రియుడిగా అట్టేపెట్టుకుంటుందా అన్నది కూడా కరిజ్మాని బట్టి తేల్చుకోవచ్చట. అందం గోల అక్కడి నుంచే అంటుకున్నట్టుంది. 1985లో అందానికి విడిగా ఏడో ఎబిలిటీ ఒకటి పెట్టి చూశారు, అది నిలవలేదు. అయినా అందం వేరు, కరిజ్మా వేరు అన్నది ఆట తయారుచేసినవాళ్ళే ఒప్పుకున్నట్టయింది.

రాక్షసులకి ఆరు ఎబిలిటీలూ వరసగా రాయడం 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌తో స్థిరపడింది. అందులోని ఓ నియమం నాకు ఎప్పటికీ ఇష్టం: తానెవరో, తాను కానిదేదో తేడా తెలిసిన ప్రతి ప్రాణికీ కనీసం 1 కరిజ్మా ఉంటుంది, అసలు కరిజ్మాయే లేనిది ప్రాణి కాదు, వస్తువు. అంటే ఈ అంకె మొదలయ్యేదే ‘నేను’ అనే చోట.

మనవాళ్ళకి ఇది కొత్త సంగతేం కాదు. కట్లతో రావణ సభలో నిలబడ్డ హనుమంతుడు సింహాసనం మీదున్నవాణ్ణి చూసి తెల్లబోతాడు. అధర్మమే లేకపోతే వీడు ఇంద్రుడితో సహా దేవలోకానికే రక్షకుడయ్యేవాడు కదా అనుకుంటాడు. పది తలలవాడు, పరాయి ఆడదాన్ని ఎత్తుకొచ్చినవాడు, చంపాల్సిన శత్రువు. అయినా వాడి ముందు నిలబడితే ఆ మాట అనిపించింది. కరిజ్మా అంకె కొలిచేది దాన్నే.

2. అంకెను ఒంటరిగా చదవొద్దు

అంకెలోంచి 10 తీసేసి, సగం చేసి, కిందికి దించితే మాడిఫయర్, అంటే డై మీద పడినదానికి కలిపే అంకె. మామూలు మనిషి 10, అంటే సున్నా. ఓగ్రె 7, అంటే మైనస్ 2. అడల్ట్ రెడ్ డ్రాగన్ 21, అంటే ప్లస్ 5. ఇంతవరకు అందరికీ తెలిసిందే. అసలు సంగతి పక్కనున్న ఇంటెలిజెన్స్, విజ్‌డమ్‌లతో కలిపి చదివినప్పుడు బయటపడుతుంది.

అడల్ట్ రెడ్ డ్రాగన్‌కి వరసగా 16, 13, 21. దానికి తెలివి ఉంది, కానీ తెలివికంటే ‘నేను’ చాలా పెద్దది. ఇది మీతో వాదన పెట్టుకోదు, వాదించాల్సిన అవసరం తనకుందని అనుకోదు. అడల్ట్ వైట్ డ్రాగన్‌కి 8, 12, 12. అదీ డ్రాగనే, అదీ కొండంత ఉంటుంది. కానీ ఇది వేటాడే జంతువుకి దగ్గర. దాని గుహలో బంటులు, రాయబారాలు పెట్టకండి, గడ్డకట్టిన శవాలు పెట్టండి.

లిచ్‌ది 20, 14, 16. చావుని దాటిన ఈ మాంత్రికుడు మాట్లాడితే తర్కం, వెనకాల అహం. తప్పు లెక్క చెప్పి రెచ్చగొడితే దిద్దకుండా ఉండలేడు. ఆ బలహీనత ప్లేయర్లకి దొరకనివ్వండి.

టారాస్క్ కరిజ్మా 11 అంటే చాలామంది నమ్మరు. తెలివి 3 ఉన్న ఆ మహాభూతానికి సగటు మనిషి కంటే ఓ చుక్క ఎక్కువ. దానికి మాట రాదు, బేరం తెలియదు, కానీ అది వస్తుంటే ఊళ్ళు ఖాళీ అవుతాయి. మరో కొసన జెలటినస్ క్యూబ్ అనే జెల్లీ దిమ్మ: 1, 6, 1. అది మిమ్మల్ని ద్వేషించడం లేదు, మీరున్నట్టు పట్టించుకోవడం కూడా లేదు. దారిలో ఉన్నారు, మింగుతుంది. దాని చేత ఎప్పుడూ గర్జన చేయించకండి. చప్పుడు లేకుండా వస్తేనే ఆ 1కి న్యాయం జరిగినట్టు.

3. స్టాట్ బ్లాక్‌లో కరిజ్మా ఎక్కడ పనిచేస్తోందో వెతకండి

రాక్షసుడి శక్తుల డీసీ (తప్పించుకోడానికి ఎదుటివాడు ఇరవై ముఖాల డై వేసి చేరాల్సిన అంకె) మామూలుగా 8, ప్రొఫిషియెన్సీ బోనస్ (స్థాయిని బట్టి వచ్చేది), ఏదో ఒక ఎబిలిటీ మాడిఫయర్ కలిపితే వస్తుంది. ఆ ఎబిలిటీ ఏదో స్టాట్ బ్లాక్ విప్పి చెప్పదు. వెనక్కి లెక్క వేసుకోవాలి, అరనిమిషం పని.

వాంపైర్ చార్మ్ (ఎదుటివాణ్ణి వశం చేసుకునే శక్తి) డీసీ 17. బోనస్ 5, కరిజ్మా 18 అంటే ప్లస్ 4. 8, 5, 4 కలిపితే 17 సరిపోయింది. సక్యూబస్ 8, 2, 5 కలిపి 15. హార్పీ పాట 8, 2, 1 కలిపి 11. రెడ్ డ్రాగన్ ఫ్రైట్‌ఫుల్ ప్రెజెన్స్ 8, 6, 5 కలిపి 19. అదే శక్తి అడల్ట్ వైట్ డ్రాగన్ దగ్గర 8, 5, 1 కలిపి 14. రెండూ అడల్ట్ డ్రాగన్లే, భయపెట్టడంలో ఐదు మెట్ల తేడా, అందులో నాలుగు కరిజ్మావే.

ఇప్పుడు మెడూసాని చూడండి. రాయిగా మార్చే చూపు డీసీ 14. బోనస్ 3, కరిజ్మా 15 అంటే ప్లస్ 2, కలిపితే 13 వస్తోంది, కుదరలేదు. కాన్‌స్టిట్యూషన్ 16తో వేస్తే 14 కుదిరింది. ఆ చూపు ఆమె వ్యక్తిత్వం కాదు, ఒంట్లోని విషం లాంటిది. నియమం ప్రకారం దాన్ని వాడాలా వద్దా అన్నది ఆమె ఇష్టమే, కానీ దాని బలం వచ్చేది ఒంట్లోంచి. ఇలా లెక్కేసుకున్న డీఎం మెడూసాని వేరేగా ఆడిస్తాడు: కళ్ళకి గుడ్డ కట్టుకుని, ఎవరితోనైనా మాట్లాడాలని తపించే మనిషిలా.

4. కరిజ్మా సేవ్‌ని పూనకంలా ఊహించుకోండి

కరిజ్మా సేవింగ్ త్రో (సేవ్, అంటే మీద పడ్డ ప్రమాదాన్ని తట్టుకోడానికి వేసే డై) ఎందుకు ఉంటుందో చాలామందికి అర్థం కాదు. నవ్వు మొహం పెట్టి మంత్రాన్ని తప్పించుకుంటారా ఏమిటి అని వెక్కిరిస్తారు. మన ఊళ్ళలో పెరిగినవాళ్ళకి ఇది అసలు కష్టమే కాకూడదు. ఘోస్ట్ మనిషి ఒంట్లో దూరేటప్పుడు ఆ మనిషి వేయాల్సింది డీసీ 13 కరిజ్మా సేవ్. ఈ ఒంట్లో నేనుండాలా, నువ్వుండాలా అని రెండు ‘నేను’లు తోసుకోవడం అది. దెయ్యం పట్టినవాళ్ళని కూర్చోబెట్టి ‘ఎవరు నువ్వు, పేరు చెప్పు’ అని గద్దించడం వినే ఉంటారు. టేబుల్ మీద కూడా అలాగే చెయ్యండి. సేవ్ వేసే ప్లేయర్‌ని ‘నీ పేరు చెప్పు’ అనండి. చెబుతూ డై వదలమనండి. సేవ్ పోతే ఆ పేరు ఘోస్ట్ గొంతులో మీరు పూర్తి చెయ్యండి.

బానిష్‌మెంట్ మంత్రానికీ (ప్రాణిని ఈ లోకంలోంచి పంపేసేది) ఇదే సేవ్. డీసీ 15 అనుకుందాం. ఓగ్రెకి మైనస్ 2, కాబట్టి 17 లేదా పైన పడాలి, 20 శాతం అవకాశం. నిండు కొండలాంటి దేహం, కానీ ఈ లోకానికి తనని కట్టిపడేసుకునే పట్టు లేదు, తుస్సుమని మాయమవుతుంది. బేలోర్‌కి కరిజ్మా సేవ్ ప్లస్ 12, పైగా మంత్రాల మీద అడ్వాంటేజ్ (రెండు డైస్ వేసి పెద్దది తీసుకోవడం). ఆ పెద్ద దెయ్యం పంపబడే అవకాశం నూటికి ఒకటి. అదే అంకెని వర్ణనలో పెట్టండి: ‘మంత్రం పూర్తయింది. గాలి చీలింది. ఆ చీలికలోకి అది ఒకసారి చూసి, మళ్ళీ నీవైపు తిరిగింది.’ నియమం చదివి వినిపించడం కంటే ప్లేయర్‌కి ఇలా బాగా ఎక్కుతుంది.

5. గొంతు, ఒళ్ళు, చుట్టూ ఉన్నవాళ్ళు

కరిజ్మా ఎక్కువంటే గొంతు పెంచడం అనుకుంటారు. తలకిందులు. గొంతు పెంచేది అవసరం ఉన్నవాడు. మయసభ ఏకపాత్రాభినయంలో మంచి నటుడు దుర్యోధనుడిగా వచ్చినప్పుడు గమనించండి, మొదటి మాటకి ముందు ఎంతసేపు ఆగుతాడో. జనం తన కోసం ఎదురుచూస్తారని వాడికి తెలుసు. మీ రెడ్ డ్రాగన్ కూడా అంతే. ప్లేయర్ అడిగిన ప్రశ్నకి వెంటనే జవాబివ్వకండి. మౌనంగా మూడు లెక్కపెట్టి, ఆ ప్రశ్నకి కాకుండా దాని వెనకున్న భయానికి జవాబివ్వండి.

అంతకంటే పనికొచ్చే చిట్కా: కరిజ్మాని రాక్షసుడి మీద చూపించకండి, చుట్టూ ఉన్నవాళ్ళ మీద చూపించండి. వాంపైర్ గదిలోకి రాగానే నౌకరు చెయ్యి వణికి పళ్ళెం చప్పుడవుతుంది. కోబోల్డ్‌లు డ్రాగన్ పేరు పలకరు, ‘అయ్యగారు’ అంటాయి. మినియేచర్లు లేక కొండపల్లి దశావతారాల సెట్టులోంచి నరసింహుణ్ణి డ్రాగన్‌గా నిలబెట్టినా సరే, చుట్టూ ఉన్న చిన్న బొమ్మలన్నీ దానివైపు తిప్పి పెట్టండి. టేబుల్ మొత్తం తేడా తెలిసిపోతుంది.

ఇక రాక్షసా అనే పేరుతోనే ఆటలో ఉన్న ప్రాణి గురించి కాస్త ఎక్కువ చెబుతాను, మన దగ్గరి నుంచి వెళ్ళినవాడే కదా. ఈ ఆటలో వాడికి 13, 16, 20. డిసెప్షన్ (అబద్ధమాడే నైపుణ్యం) ప్లస్ 10. డిస్‌గైజ్ సెల్ఫ్ (వేషం మార్చే మంత్రం), డిటెక్ట్ థాట్స్ (మనసు చదివే మంత్రం) ఎన్నిసార్లైనా వాడుకోవచ్చు. అరచేతులు తిరగబడి ఉంటాయి. డిస్‌గైజ్ సెల్ఫ్ కళ్ళని మోసం చేస్తుంది, స్పర్శని కాదు. ఈ రెండూ గుర్తుంచుకుని కింది సన్నివేశం చదవండి. కొండవీడు లాంటి కొండకోట, కింద ఊరు, ఊళ్ళో పశువుల సంత. పిల్లలు మాయమవుతున్నారు. దారి ఓ దళారి దగ్గరికి వచ్చి ఆగింది.

డీఎం: ‘తెల్ల పంచె, భుజాన తువ్వాలు. మీరు దగ్గరికి రాగానే బేరాలాడుకుంటున్నవాళ్ళు ఎవరూ చెప్పకుండానే పక్కకి జరిగారు. ఆయన మీవైపు తిరగలేదు, ఎద్దు పళ్ళు చూస్తున్నాడు.’

ప్లేయర్: ‘ఏమండీ, మొన్న రాత్రి కోటవైపు బండి పోవడం మీరు చూశారంట?’

డీఎం: ‘“చూశానమ్మా.” ఎద్దు నోట్లోంచి చెయ్యి తియ్యలేదు. “మీ అక్క కాలు ఎలా ఉంది ఇప్పుడు?”’

ప్లేయర్: ‘అన్నా, మా అక్క సంగతి నేను ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు!’

డీఎం: ‘చెప్పలేదు.’

రెండో ప్లేయర్: ‘సరేనండీ, ఏ బండో చెబితే ఎంతిమ్మంటారు? సంత మర్యాద ప్రకారం తువ్వాలు కింద తేల్చుకుందాం.’

డీఎం: ‘ఆయన మొదటిసారి మీవైపు తిరిగాడు. చుట్టూ పదిమంది చూస్తున్నారు. ఓ క్షణం ఆగి నవ్వాడు. భుజం మీది తువ్వాలు తీసి పరిచి, చెయ్యి కింద పెట్టాడు. నువ్వు పెడుతున్నావా?’

రెండో ప్లేయర్: ‘పెట్టాను.’

డీఎం: ‘పైకి కనిపించే మణికట్టు మామూలుగానే ఉంది. కింద నీ వేళ్ళకి అరచెయ్యి తగలాల్సిన చోట ఒత్తైన బొచ్చు తగిలింది. ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. “ఎంతకి ఒప్పుకున్నావో గట్టిగా చెప్పకు, బాబూ.”’

ఇంతసేపూ ఒక్క డై కూడా కదల్లేదు, అయినా 20 కరిజ్మా టేబుల్ మీదికి వచ్చేసింది. ఇందులో అసలు కీలకం ఎక్కడుందో చూడండి. చెయ్యి తువ్వాలు కింద పెడితే దొరికిపోతానని వాడికి తెలుసు. అయినా పదిమంది ముందు బేరం కాదనలేకపోయాడు. కరిజ్మా ఎక్కువున్న రాక్షసుడి ఆయువుపట్టు ఎప్పుడూ వాడి ప్రతిష్ఠే. పలచబడటం కంటే పట్టుబడటమే వాడికి నయం. మీ ప్లేయర్లు ఎక్కు పెట్టాల్సింది అక్కడ.

6. ప్లేయర్ మనసుని డైస్‌తో తిప్పకండి

రాక్షసాకి డిసెప్షన్ ప్లస్ 10 ఉంది కదాని డై వేసి, ‘27 వచ్చింది, నువ్వు నమ్మేశావ్’ అనే డీఎంలని చూస్తుంటాం. నాకిది నచ్చదు. కారెక్టర్ ఏం నమ్మాలన్నది ప్లేయర్ సొత్తు. మంత్రంతో చార్మ్ చేస్తే అది వేరు, దానికి సేవ్ ఉంది, నియమం ఉంది. మామూలు మాటలకి మాత్రం డైస్ చెప్పేది ఒక్కటే: అబద్ధం బయటపడిందా లేదా. ప్లేయర్ ఇన్‌సైట్ (ఎదుటివాడి మనసు పసిగట్టే నైపుణ్యం) వేసి ఓడిపోతే ‘వాడు నిజమే చెబుతున్నాడు’ అనకండి. ‘ఎక్కడా తొణకలేదు’ అనండి. మిగతాది ప్లేయర్ అనుమానం చూసుకుంటుంది.

రాక్షసుణ్ణి ఒప్పించేది ప్లేయర్లయితే 2014 డంజన్ మాస్టర్స్ గైడ్ పద్ధతి సరిపోతుంది. ఎదుటివాడు స్నేహంగా ఉన్నాడా, తటస్థమా, శత్రువా చూసుకుని, అడిగిన పనిలో వాడికెంత నష్టముందో బట్టి డీసీ 0, 10, 20లలో ఒకటి. శత్రువుగా ఉన్నవాడు, ప్లేయర్ డీసీ 20 దాటినా, తనకి నష్టం లేని పనే చేస్తాడు, అంతకుమించి చేయడు. ‘నాట్ 20 (డై మీద నేరుగా 20) వచ్చింది అన్నా, డ్రాగన్ బంగారం ఇచ్చేయాలి’ అనేవాళ్ళకి ఇది చూపించండి.

7. తక్కువ కరిజ్మా అంటే బలహీనత కాదు, ఒంటరితనం

గాబ్లిన్ 8, ఓగ్రె 7, జాంబీ 5. వీటిని పిచ్చివాళ్ళలా ఆడిస్తుంటారు. గాబ్లిన్‌ ఇంటెలిజెన్స్ 10, మామూలు మనిషితో సమానం. దానికి మంచి ఉపాయం తడుతుంది, కానీ పక్కవాడు వినడు. టేబుల్ మీద దీన్ని అలాగే చూపించండి: ఒక గాబ్లిన్ ‘వెనకనుంచి రండిరా!’ అని అరుస్తుంది, మిగతావి ముందునుంచే వస్తాయి. నవ్వుకి నవ్వు, ప్లేయర్లకి సమాచారానికి సమాచారం.

నాయకుడు లేనప్పుడు ఇవి ఎప్పుడు పారిపోతాయి? ఐదో ఎడిషన్‌లో దీనికున్న ఐచ్ఛిక నియమం విజ్‌డమ్ సేవ్‌తో నడుస్తుంది. నేనైతే 1981 బేసిక్ సెట్‌లోని మొరేల్‌ని తెచ్చుకోమంటాను. రెండు ఆరు ముఖాల డైస్ వేస్తారు, మొరేల్ (గుండె నిబ్బరం అంకె) కంటే ఎక్కువ పడితే పరుగు. గాబ్లిన్లది 7, వాటి రాజు పక్కనుండి ఇంకా పోరాడుతుంటే 9. లెక్క వేస్తే రాజు లేనప్పుడు పారిపోయే అవకాశం దాదాపు 42 శాతం, ఉన్నప్పుడు 17 శాతం. ఓ నాయకుడి కరిజ్మా యుద్ధంలో ఎంత బరువు తూగుతుందో ఇంతకంటే శుభ్రంగా చెప్పిన నియమం నేను చూడలేదు. మొదటి గాబ్లిన్ చచ్చినప్పుడొకసారి, సగం మంది పోయాక ఒకసారి వేస్తే చాలు. యుద్ధాలు త్వరగా తెములుతాయి, ప్లేయర్లు ముందు రాజుని కొట్టడం నేర్చుకుంటారు.

తోడేలుది 6. దాన్ని చూసి జంతువులన్నిటికీ వ్యక్తిత్వం లేదనుకోకండి, ఆ 6 మీతో వ్యవహారానికి సంబంధించింది. గుంపులో అది ఎలా ఉంటుందో మీ ఇష్టం.

8. మన భూతాలకి అంకెలు వెయ్యడం

మన కథల్లో ఉన్నవాటిని టేబుల్ మీదికి తెచ్చేటప్పుడు ముందు ఒకటి అడగండి: ఇది తనకేం కావాలో తెలిసినదా, లేక అలవాటు కొద్దీ తిరిగేదా? కొరివి దెయ్యం రాత్రిపూట పొలం గట్ల మీద మంటతో తిరుగుతుంది, దారి తప్పిస్తుంది. దానికి మీరెవరో అక్కర్లేదు. కరిజ్మా 5 చాలు, భయం చీకటిది. బేతాళుడు అలా కాదు. శవంలో వేలాడుతూ కూడా మోసేవాడి చేత మాట్లాడించగలడు, మౌనం వీడకూడదని తెలిసినవాడి చేతే. అది 18కి తక్కువ వేస్తే అన్యాయం.

బ్రహ్మరాక్షసుడు మధ్యలో ఉంటాడు. చదువుకున్నవాడు, ఆ చదువు తనతోనే పోయిందన్న కసి ఉన్నవాడు. ఇంటెలిజెన్స్ 18, విజ్‌డమ్ 9, కరిజ్మా 16 వేసి చూడండి. తెలివుంది, పట్టుంది, తన తప్పు తనకి కనపడదు. మర్రిచెట్టు కింద శ్లోకం సగం చదివి ఆగుతాడు, మిగతా సగం ఎదుటివాడు పూర్తి చెయ్యాలి. చెయ్యలేకపోతే విజ్‌డమ్ సేవ్, పోతే వాడి ముందు శిష్యుడిలా కూర్చుండిపోతారు. ప్రొఫిషియెన్సీ బోనస్ 3 అనుకుంటే డీసీ 8, 3, 3 కలిపి 14. మూడో లెవెల్ పార్టీలో విజ్‌డమ్ మాడిఫయర్ సున్నా ఉన్న ఫైటర్ తప్పించుకునే అవకాశం 35 శాతమే, కాస్త గట్టిదే. అలాగని కరిజ్మా తగ్గించి వాణ్ణి చప్పబరచకండి. ఆ శక్తిని రోజుకొకసారికి కుదించండి, ఒక్కరి మీదే పనిచేసేలా పెట్టండి, శ్లోకం పూర్తి చెయ్యగల ముసలి పంతులుగారిని ఎక్కడో దగ్గర్లో ఉంచండి.